ఇరవై నాలుగని రాసింది నేనే

పందొమ్మిది వందల తొంభై ఒకటో సంవత్సరం జూన్ నెల పదో తేదీ, సోమవారం ఉదయం పది గంటలకు మా నగర నీటి సరఫరా సంస్థ ప్రయోగశాలలో రసాయన విశ్లేషకురాలిగా ఒక యువతి విధుల్లో చేరారు. చేరిక పత్రం మీద సంతకం పెట్టి, ఆ గది మూలనున్న కుళాయి తిప్పి, ఒక గాజు పాత్రలో నీళ్ళు పట్టి, కిటికీ వెలుతురుకి ఎదురుగా ఎత్తి చూశారట. "ఈ కుళాయి నీళ్ళు ఎవరైనా ఎప్పుడైనా పరీక్షించారా అండీ?" అని అడిగారట. ఊరందరి నీళ్ళూ పరీక్షించే మా వాళ్ళకి అంతవరకు తమ గదిలో కుళాయి సంగతి తట్టనేలేదు. ఆ సాయంత్రమే దాని వెనకున్న గొట్టం తుప్పు పట్టిపోయిందని తేలింది.

ముప్పై నాలుగు సంవత్సరాల నిర్విరామ సేవ అనంతరం ప్రధాన రసాయన శాస్త్రవేత్తగా ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్న మేడమ్ గారి గురించి ఈ ప్రత్యేక సంచికకు నాలుగు మాటలు రాయమని సంపాదక వర్గం కోరినప్పుడు నేను సంతోషించాను, అంతకు మించి సంకోచించాను. నేను ఈ సంస్థలో పౌర సంబంధాల అధికారిని. పత్రికలకీ టీవీ ఛానళ్ళకీ సంస్థ తరఫున ఏం చెప్పాలో రాయడం నా ఉద్యోగం. ఆ ఉద్యోగంలో నేను రాసిన ఒక పేరా కారణంగానే మేడమ్ గారిని నిజంగా తెలుసుకునే అవకాశం నాకు కలిగింది. ఆ పేరా గురించి చెప్పకుండా ఈ అభినందన రాస్తే అది నన్ను నేను దాచుకోవడమే అవుతుంది.

మేడమ్ గారు చేరిన రోజుల్లో మా ప్రయోగశాల అంటే ఒక పొడవాటి గది, రెండు రాతి బల్లలు, ఒక తక్కెడ, తలుపు సరిగా పడని ఒక ఫ్రిజ్. వీధి కుళాయిల నుంచి సీసాల్లో నమూనాలు పట్టుకురావడం కొత్తగా చేరినవారి పని. ఆ పని చేసేవారు సౌలభ్యం కొద్దీ ట్యాంకుకి దగ్గరలో ఉన్న కుళాయిల దగ్గరే సీసాలు నింపుకొని మధ్యాహ్నానికల్లా వచ్చేసేవారు. మేడమ్ గారు మాత్రం సీసాల పెట్టె భుజానికి తగిలించుకొని, గొట్టం చిట్టచివర ఎక్కడ ఆగిపోతుందో అక్కడిదాకా నడిచి, అక్కడి ఇంటి తలుపు తట్టేవారు. "ట్యాంకు పక్కన నీళ్ళు ఎలాగూ బాగానే ఉంటాయి. చివరింటివాళ్ళకి ఏం చేరుతోందో అదీ మనం పంపిన నీళ్ళు" అనేవారు. తొంభై ఎనిమిదిలో సీనియర్ విశ్లేషకురాలిగా, రెండు వేల ఆరులో ప్రయోగశాల అధిపతిగా పదోన్నతి పొందారు. వారి హయాంలో గదులు పెరిగాయి, పరికరాలు వచ్చాయి, నమూనాలు తీసుకునే కుళాయిల సంఖ్య మూడింతలైంది. ఈ ప్రగతినంతటినీ సంస్థ వార్షిక నివేదికలు సవివరంగా నమోదు చేశాయి కనుక నేను ఆ నివేదికలకి ఎక్కని సంగతి ఒకటి రాయదలచుకున్నాను.

రాసే ముందు మేడమ్ గారి అనుమతి అడిగాను. "రాస్తే నా కోపం సంగతి కూడా రాయండి. అది తీసేసి రాస్తే మిగతాదంతా అబద్ధమైపోతుంది" అన్నారు.

కనుక కోపం సంగతి ముందు చెబుతాను. నది నీళ్ళు మా శుద్ధి కేంద్రానికి వచ్చేసరికి వాటిలో మట్టి ఉంటుంది. ఆ మట్టి అడుక్కి దిగడానికి పటిక కలుపుతారు. ఎంత కలపాలన్నది నీళ్ళ తీరుని బట్టి రోజూ మారుతుంది. ఆరు బీకర్లలో ఆ రోజు నీళ్ళు పోసి, ఒక్కోదానిలో ఒక్కో మోతాదు పటిక కలిపి, దేనిలో మడ్డి బాగా దిగిందో చూసి మోతాదు నిర్ణయిస్తారు. ఈ పరీక్ష మేడమ్ గారు ఎవరికీ వదిలేవారు కాదు. బీకర్ల ముందు వంగి, ఊపిరి బిగబట్టి నిలబడే ఆ తీరు చూసి మేమంతా చాటుగా 'బీకరు మేడమ్' అనేవాళ్ళం. ఆ పేరు ఆవిడకి తెలియదనుకునేవాళ్ళం. తెలుసు. తన అంకె మీద ఎవరైనా అనుమానం పడితే ఆవిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టేవారు. అంటే ఇక మాటలు అయిపోయాయన్నమాట. ఎంతటి సీనియర్ ఇంజినీరైనా ఆ కళ్ళజోడు బల్ల మీదికి చేరగానే ఫైలు పట్టుకుని బయటికి నడవాల్సిందే.

రెండు వేల పదిహేను జూలై పదిహేను, బుధవారం. వారం రోజులుగా ఎగువన వానలు కురిసి నది నీళ్ళు టీ రంగుకి తిరిగాయి. మేడమ్ గారు పొద్దున్నే పరీక్ష చేసి, లీటరుకి నలభై రెండు మిల్లీగ్రాముల పటిక అవసరమని తేల్చి, ఆ అంకెని పెన్సిల్‌తో తన నోటుబుక్కులో రాసుకున్నారు. శుద్ధి కేంద్రానికి పంపే చీటీలో మాత్రం ఇరవై నాలుగని రాశారు. రెండు అంకెలూ అటూ ఇటూ అయ్యాయి. చీటీ వెళ్ళిపోయింది.

శుద్ధి కేంద్రంలో పటిక తొట్టి చూసుకునే ఆపరేటర్‌ని సంస్థలో చిన్నా పెద్దా అందరూ బాబాయి అనే పిలిచేవారు. పాతికేళ్ళుగా ఆయన పని అదే. చీటీ చూసి ఆయన ప్రయోగశాలకి ఫోన్ చేశారు.

"మేడమ్, ఇరవై నాలుగని రాశారండీ. నీళ్ళు చూస్తే ఎర్రగా ఉన్నాయి. మొన్నటి వానకే ముప్పై అయిదు వేశాం. ఒకసారి మళ్ళీ చూస్తారా?"

ఆ రోజు మేడమ్ గారి బల్ల చుట్టూ ముగ్గురు తనిఖీ అధికారులు కూర్చుని ఉన్నారు. "పరీక్ష చేసి రాశాను బాబాయ్. చూసి చెప్పడానికి మీకున్నవి కళ్ళు, నాకున్నవి బీకర్లు. రాసినట్టు వెయ్యండి" అని ఫోన్ పెట్టేశారు. బాబాయి రాసినట్టే వేశారు.

మర్నాటికి నగరం తూర్పు వైపు మూడు పేటల్లో కుళాయిల నుంచి మట్టి నీళ్ళు వచ్చాయి. వడపోత తొట్లు ఆ మడ్డిని ఆపలేకపోయాయి, క్రిములని చంపడానికి కలిపిన క్లోరిన్ ఆ మడ్డికే సరిపోయింది. శుక్రవారం ఉదయానికి వాంతులతో, విరేచనాలతో ఆస్పత్రికి వచ్చినవారు అరవై ముగ్గురు. ఎవరి ప్రాణాలకీ ముప్పు రాలేదు. అయినా ఇద్దరు పిల్లలూ ఒక పెద్దాయనా నాలుగు రోజుల పాటు సెలైన్ సీసాల కింద పడుకోవలసి వచ్చింది. గురువారమంతా మేడమ్ గారు సీసాల పెట్టెతో ఆ పేటల్లోనే ఉన్నారు. కొత్తగా పరీక్ష చేసి మోతాదు మార్చారు, గొట్టాలు కడిగించారు. పాత చీటీ తిరగేసి చూసుకునే తీరిక వారికి దొరకలేదు.

ఈ లోగా టీవీలు వచ్చేశాయి. ఒక ఛానల్ ఎగువనున్న ఫ్యాక్టరీ అంది. ఇంకొకటి కాంట్రాక్టరంది. ఇంకొకటి ప్రభుత్వమంది, ఆ ప్రభుత్వం అంతకు ముందు ప్రభుత్వమంది. ఎవరి ఫోనులో చూసినా ఎవరో ఒకరి పేరు. శుక్రవారం పొద్దున ఇరవై సెకండ్ల వీడియో ఒకటి బయటికొచ్చింది. శుద్ధి కేంద్రంలో పటిక తొట్టి పక్కన కుర్చీలో బాబాయి తల వెనక్కి వాల్చి, కళ్ళు మూసుకుని ఉన్నారు. అంతే. పది గంటలకల్లా అది ఊరంతా తిరిగింది. 'నగరానికి విషం పోసి నిద్రపోయిన ఉద్యోగి' అని దాని కింద ఎవరో రాశారు. ఎవరు రాశారో ఈనాటికీ తెలియదు. పంచుకున్నవారిలో మా బంధువులున్నారు, మీ బంధువులూ ఉండే ఉంటారు.

పదకొండు గంటలకి మా పెద్ద ఇంజినీరు గారు నన్ను పిలిచి, "ఏదో ఒకటి ఇచ్చెయ్యండి. వాళ్ళకి ఒక మనిషి కావాలి, మనిషి దొరికాడుగా" అన్నారు. నేను నా గదికి వెళ్ళి ఒక పేరా రాశాను. 'ప్రాథమిక పరిశీలనలో విధి నిర్వహణలో ఉన్న ఆపరేటర్ నిర్లక్ష్యం వెల్లడైనందున తగిన చర్యలు తీసుకోవడం జరుగుతుంది' అన్నది అందులో ప్రధాన వాక్యం. ప్రాథమికంగా గానీ మరోలా గానీ ఎవరూ ఏదీ పరిశీలించలేదని నాకు తెలుసు. ఒంటిగంట వార్తల్లో ఆ వాక్యం నాలుగు ఛానళ్ళలో అక్షరం పొల్లుపోకుండా వచ్చింది. నా వాక్యం అంత బాగా చదవడం చూసి, నిజం చెప్పాలంటే, ఒక క్షణం గర్వపడ్డాను కూడా.

రెండు గంటలకి బాబాయి భార్య వచ్చారు. ఆవిడ బట్టల కొట్టులో పనిచేస్తారు, కొట్టు నుంచి నేరుగా వచ్చినట్టున్నారు, మెడలో కొలత టేపు అలాగే ఉంది.

"మావారు నిద్రపోలేదయ్యా. కళ్ళు మంటలని డాక్టరు చుక్కల మందిచ్చాడు. వేసుకున్నాక పది నిమిషాలు కళ్ళు మూసుకు కూర్చోమన్నాడు. ఇదిగో చీటీ. ఆ పది నిమిషాల్లో ఎవడో తీసినట్టున్నాడు."

"విచారణలో అన్నీ తేలతాయమ్మా" అన్నాను.

"తేలేలోపు మా అమ్మాయి పెళ్ళిచూపులకి వస్తామన్నవాళ్ళు రామని ఫోన్ చేశారు. మా ఇంటి గోడ మీద బొగ్గుతో ఏదో రాసిపోయారు. ఆయన గదిలోంచి బయటికి రావడం లేదు. ఎవరికి చెప్పుకోమంటారు?"

మందు చీటీ నకలు తీయించుకొని ఫైలులో పెట్టుకున్నాను. అంతకన్నా ఏమీ చేయలేదు.

మూడున్నరకి మేడమ్ గారు నా గదిలోకి వచ్చారు. విచారణకి నివేదిక రాద్దామని నోటుబుక్కు తెరిచి చూసుకున్నారట. ఒక చేతిలో ఆ నోటుబుక్కు, ఇంకో చేతిలో చీటీ కార్బన్ కాపీ. నా బల్ల మీదున్న ప్రకటన కాపీ తీసి చదివారు.

"ఇది ఎవరు రాశారు?"

"పెద్ద ఇంజినీరు గారు ఇమ్మన్నారు మేడమ్."

"ఇమ్మన్నది ఆయన. సరే. రాసింది ఎవరు?"

"నేనే" అన్నాను.

ఆవిడ కోప్పడతారనుకున్నాను. కళ్ళజోడు తీస్తారేమోనని చూశాను. తీయలేదు. కుర్చీలో కూలబడి, నోటుబుక్కూ చీటీ పక్కపక్కన పెట్టి నావైపు తిప్పారు. "నాదీ ఒకటుంది. దీని పక్కన మీది చిన్నది. ముందు ఇది రాయండి" అన్నారు. అప్పుడే ఫోన్ సంగతి కూడా చెప్పారు. ఆ ఫోన్ గురించి తెలిసినవాళ్ళు ప్రపంచంలో ఇద్దరే. ఆ రెండో మనిషి పొద్దుటి నుంచి తిట్లు తింటూ కూడా దాని ఊసెత్తలేదు. ఎందుకెత్తలేదని తర్వాత నేనడిగితే బాబాయి, "మేడమ్ రాసిందని నేనంటే నేను తప్పించుకోడానికి అన్నాననే అంటారు కదండీ. అయినా ఆవిడ చూసుకుంటే ఆవిడే చెబుతుందని నాకనిపించింది" అన్నారు.

ఇద్దరం పెద్ద ఇంజినీరు గారి గదికి వెళ్ళాం. ఆయన చెడ్డవారు కారు. సంస్థ పరువు తన భుజాల మీదే ఉందని నమ్మినవారు. చీటీ చూసి, లేచి వెళ్ళి గది తలుపు వేసి వచ్చారు.

"ఈ కాపీ ఇంకెవరు చూశారు?"

"మీరు, ఈయన, నేను."

"అమ్మా, వినండి. వానలు కురిసిన మాట నిజం. ఫ్యాక్టరీవాళ్ళు ఎప్పుడూ ఏదో ఒకటి వదిలే మాటా నిజం. నాలుగు కారణాలు చెబుదాం, అందులో ఇదీ ఒకటి కలిసిపోతుంది. మీ ఇరవై నాలుగేళ్ళ సర్వీసు ఒక్క చీటీకి ధార పోస్తారా?"

"నాలుగు కారణాల్లో మూడు ప్రతి ఏడూ ఉన్నవే సార్. ప్రతి ఏడూ ఎవరూ ఆస్పత్రిపాలు కాలేదు. ఈ ఏడు కొత్తగా వచ్చింది నా చీటీ ఒక్కటే. అంకె తారుమారు కావడం పొరపాటనుకుందాం. ఆయన ఫోన్ చేసి మరీ అడిగితే నోరు మూయించాను, దాన్నేమంటారు?"

ఆయన తల పట్టుకున్నారు. చివరికి, "రేపు పది గంటలకి విలేకరులని పిలవండి" అని నాతో అన్నారు. తన వంతుగా ఆయన కూడా ఆ మర్నాడు మేడమ్ గారి పక్కన కూర్చున్నారు. ఆ మాట ఇక్కడ రాయడం న్యాయం.

శనివారం మా సమావేశ మందిరంలో అడుగు పెట్టడానికి చోటు లేదు. బల్ల మీద పదిహేడు మైకులున్నాయి, లెక్కపెట్టింది నేనే. మేడమ్ గారు కాగితం చూడకుండా మాట్లాడారు. పరీక్షలో తేలిన అంకె నలభై రెండని, తాను రాసింది ఇరవై నాలుగని, ఆపరేటర్ అనుమానం వచ్చి ఫోన్ చేశారని, తాను వినలేదని, ఆయన కళ్ళు మూసుకున్నది మందు వేసుకుని అని, అది కూడా చీటీ వెళ్ళిన మర్నాడని, ఆయన దోషం ఇసుమంతైనా లేదని చెప్పారు. జబ్బుపడిన అరవై ముగ్గురికీ చేతులు జోడించారు. అంతా కలిపి నాలుగు నిమిషాలు.

విలేకరులకి అది మింగుడు పడలేదు.

"మీ మీద ఎవరి ఒత్తిడి ఉంది మేడమ్?"

"ఎవరిదీ లేదు."

"ఫ్యాక్టరీవాళ్ళని కాపాడటానికే మీరు నేరం నెత్తిన వేసుకుంటున్నారని అంటున్నారు..."

"ఎవరంటున్నారు?"

"అంటున్నారు మేడమ్, బయట."

"బయట అంటున్నవాళ్ళని లోపలికి రమ్మనండి, నోటుబుక్కు చూపిస్తాను. ఇరవై నాలుగని రాసింది నేనే. ఈ చెయ్యే రాసింది. దీని వెనకాల ఇంకో చెయ్యి లేదు."

వెనక వరసలో కూర్చున్న ఒక పెద్ద విలేకరి కలం మూసి జేబులో పెట్టుకుంటూ పక్కతనితో, "ఇందులో కథేముందిరా, ఆవిడే చెప్పేసింది" అన్నాడు. నా ఉద్యోగ జీవితంలో అంత నిజమైన సమీక్ష మరొకటి వినలేదు.

కథ లేకపోయినా తిట్లు మాత్రం వచ్చాయి. వారం రోజుల పాటు మేడమ్ గారి ఫొటో ప్రతి తెర మీదా కనిపించింది. 'ఇరవై నాలుగు మేడమ్' అన్నారు. ఇంటి ముందు కెమెరాలు నిలబెట్టారు. అప్పటికి కళాశాలలో చదువుతున్న వారి అమ్మాయి ఏడుస్తూ, "ఊళ్ళో అందరూ పక్కవాడి మీదికి తోసేస్తుంటే నువ్వొక్కదానివే ఎందుకమ్మా మీదేసుకోవడం? మా క్లాసులో నా మొహం ఎక్కడ పెట్టుకోను?" అందట. మేడమ్ గారు, "బాబాయి వాళ్ళమ్మాయి కూడా రెండు రోజులు ఆ మాటే అనుకుంది తల్లీ. తనకి చెప్పడానికి, మీ నాన్న తప్పేం లేదన్న మాట నా దగ్గరుంది. నీకు చెప్పడానికే ఏం లేదు" అన్నారట. అమ్మాయి రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు కెమెరాల మధ్యలోంచి అమ్మ చెయ్యి పట్టుకుని కూరగాయల కొట్టుకి తీసుకెళ్ళింది. లెక్కల మాస్టారైన మేడమ్ గారి భర్త ఆ వారంలో ఒకసారి, "నలభై రెండుని ఇరవై నాలుగు చేస్తే మా బళ్ళో రెండు మార్కులు పోతాయి, అంతే. మీ శాఖలో మార్కులు మరీ గట్టి" అన్నారట. ఆ ఇంట్లో ఆ వారంలో నవ్వినది అదొక్కసారేనని మేడమ్ గారే చెప్పారు.

ఆదివారం నేను బాబాయి ఇంటికి వెళ్ళాను. గుమ్మంలో నిలబడి, నా వల్ల తప్పు జరిగిందని, క్షమించమని అడిగాను. బాబాయి, "ఫర్వాలేదు లెండి, లోపలికి రండి" అన్నారు. ఆయన భార్య మాత్రం గుమ్మానికి అడ్డంగా నిలబడ్డారు.

"నిర్లక్ష్యమని టీవీలో గట్టిగా చెప్పారు కదయ్యా. క్షమాపణ మా గుమ్మంలో మెల్లిగా చెబుతారేం?"

సోమవారం ఉదయం నా పేరుతో, నా హోదాతో, 'శుక్రవారం ఇచ్చిన ప్రకటనలో ఆపరేటర్ నిర్లక్ష్యం గురించి ఉన్న వాక్యం ఎలాంటి పరిశీలనా లేకుండా నేను రాసినది, అది అసత్యం' అని రాసి అన్ని ఛానళ్ళకీ పత్రికలకీ పంపాను. ఒకే ఒక్క చిన్న పత్రిక లోపలి పేజీలో నాలుగు వరసలు వేసింది. ఆ కత్తిరింపు పట్టుకుని మళ్ళీ వెళ్ళాను. ఆవిడ రెండుసార్లు చదివి, మడిచి, కుట్టుమిషను సొరుగులో పెట్టుకుని, "కూర్చోండి, కాఫీ తాగుతారా?" అన్నారు. ఈ ఉద్యోగంలో నాకు దక్కిన అతి పెద్ద సత్కారం ఆ కాఫీ. గోడ మీద బొగ్గు రాతకి ఆ సరికే సున్నం వేసేశారు. రామని ఫోన్ చేసిన పెళ్ళివారు మళ్ళీ వస్తామన్నారట. అమ్మాయే వద్దంది.

మేడమ్ గారిని సంస్థ నాలుగు నెలలు సస్పెండ్ చేసింది. పదోన్నతి మూడేళ్ళు వెనక్కి పోయింది. దాని మీద అప్పీలు చేసుకోమని యూనియన్ చెప్పినా చేసుకోలేదు. ఆ నాలుగు నెలల్లో జబ్బుపడిన ప్రతి ఇంటికీ వెళ్ళారు. ఒక రోజు నేనూ వెంట వెళ్ళాను. కొందరు తలుపు తీయలేదు. ఒకాయన వీధిలోకి వచ్చి నోటికొచ్చినట్టు మాట్లాడాడు. మేడమ్ గారు చేతులు కట్టుకుని అంతా విన్నారు. చివరి ఇంట్లో ఒక ముసలమ్మ ఉంది. సెలైన్ కింద పడుకున్న ఇద్దరు పిల్లల్లో ఒకరు ఆవిడ మనవరాలు. ముసలమ్మ లోపలికెళ్ళి కుళాయి కింద గ్లాసు పట్టి, నిండా నీళ్ళు తెచ్చి ఇచ్చింది.

"తాగు."

మేడమ్ గారు గ్లాసుని వెలుతురుకి ఎత్తి చూడలేదు. గటగటా తాగేశారు. ముసలమ్మ ఖాళీ గ్లాసు అందుకుని, "మేమూ ఇలాగే తాగుతామమ్మా, మీ మీద నమ్మకంతో. చూడం" అంది. తిరుగుదారిలో బస్సు దిగేటప్పుడు మేడమ్ గారు, "టీవీలో వాళ్ళు అన్నవన్నీ కలిపినా దీనికి సరిరాదు" అన్నారు.

విధుల్లో తిరిగి చేరిన రోజున మేడమ్ గారు మొదట శుద్ధి కేంద్రానికి వెళ్ళారు. ఆ రోజు నుంచి ప్రయోగశాలలో ఒక పద్ధతి వచ్చింది. మోతాదు చీటీ మీద పరీక్ష చేసినవారి సంతకంతో పాటు ఆపరేటర్ సంతకం కూడా ఉండాలి. ఆపరేటర్ నీళ్ళు చూసి సరే అన్నాకే సంతకం పెట్టాలి. అనుమానమొస్తే పరీక్ష మళ్ళీ చేయాలి, ఎన్నిసార్లు అడిగినా సరే. మొదటి వారంలోనే బాబాయి మూడుసార్లు మళ్ళీ చేయించారు. మూడుసార్లూ మేడమ్ గారి అంకే సరైనదని తేలింది. మూడోసారి బాబాయి మొహమాటపడుతుంటే, "నాలుగోసారి అడగడం మానేస్తారేమోనని నా భయం, బాబాయ్" అన్నారు మేడమ్ గారు. ఆయన మానలేదు. రెండు వేల పంతొమ్మిదిలో రిటైరయ్యే దాకా అడుగుతూనే ఉన్నారు. ఆ నాలుగేళ్ళలో రెండుసార్లు ఆయన అనుమానమే నిజమైంది.

దాంతో పాటు ప్రయోగశాలలో పొరపాట్లు రాసుకునే ఒక పుస్తకం కూడా మొదలైంది. అందులో ఎవరి పొరపాటు వాళ్ళే రాయాలి, పక్కవాడి సంగతి రాయకూడదు. మొదట్లో మా వాళ్ళు పడిన పాట్లు చూడాలి. ఒకాయన, 'నేను చూస్తుండగా ఫ్లాస్కు పగిలింది' అని రాశాడు. మేడమ్ గారు కింద ఎర్ర సిరాతో, 'చూసేవాళ్ళుంటే పగిలే అలవాటు ఫ్లాస్కులకి ఉన్నట్టు నాకు తెలియదు' అని రాసి తిప్పి పంపారు. రెండోసారి, 'నేను పగలగొట్టాను' అని వచ్చింది. ఆ పుస్తకం చూపించి ఎవరినీ శిక్షించలేదు, ఏ పదోన్నతీ ఆపలేదు. అందుకే అందులో నిజాలు చేరాయి. ఇప్పుడు నాలుగో పుస్తకం నడుస్తోంది.

అన్నీ తమ మీదే వేసుకునే అతి కూడా మేడమ్ గారికి కొంతకాలం పట్టుకుంది. అది చెప్పకపోతే వారిని దేవతని చేసినవాడినవుతాను. నాలుగేళ్ళ కిందట ఉత్తరం పేటలో ఒక వాల్వు సరిగా మూయక వీధంతా మడుగైతే, సమీక్షలో మేడమ్ గారు లేచి, "నమూనాల కోసం ఆ లైను తెరవమన్నది మా ప్రయోగశాలే, కనుక బాధ్యత నాదే" అని మొదలుపెట్టారు. వెనకనున్న వాల్వు మనిషి లేచి నిలబడ్డాడు. "మేడమ్, ఆగండి. తెరవమంది మీరు, మూయనిది నేను. ఇది నాది. నా దాన్ని కూడా మీరే లాగేసుకుంటే నేను నేర్చుకునేదెప్పుడు?" అన్నాడు. సమీక్షా మందిరమంతా ఘొల్లుమంది. మేడమ్ గారు ఎర్రబడిన మొహంతో కూర్చుండిపోయి, "సరే, తీసుకోండి" అన్నారు. చెవిలో సెల్‌ఫోన్, కంటి ముందు తెర, ప్రతి తెర మీదా వేలు చూపించే ఒక మనిషి ఉన్న ఈ కాలంలో, ఒక ప్రభుత్వ కార్యాలయంలో ఇద్దరు ఉద్యోగులు తప్పు నాదంటే నాదని వాదించుకోవడం నేను కళ్ళారా చూశాను. ఇంతకన్నా గొప్ప వార్త నేను ఏ ఛానల్‌కీ ఇవ్వలేదు. ఇచ్చినా వేసేవారు కారు.

వెనక్కి పోయిన పదోన్నతి ఆలస్యంగానైనా వచ్చింది. ప్రధాన రసాయన శాస్త్రవేత్తగా గత ఆరేళ్ళలో మేడమ్ గారు మా ప్రయోగశాలకి తెచ్చిన గుర్తింపు గురించి, తీర్చిదిద్దిన యువ విశ్లేషకుల గురించి ఇదే సంచికలో వారి శిష్యులు రాస్తున్నారు. నాకు రసాయన శాస్త్రం రాదు. నేను వారి దగ్గర నేర్చుకున్నది నా పనికి సంబంధించినదే. పదేళ్ళుగా నేను రాసే ప్రకటనల్లో 'జరిగింది', 'వెల్లడైంది', 'తీసుకోవడం జరుగుతుంది' లాంటి క్రియలు వాడటం లేదు. ఎవరు చేశారో ఆ మనిషిని ముందు పెట్టి వాక్యం మొదలుపెడుతున్నాను. ఆ మనిషి నేనే అయినప్పుడు ఇప్పటికీ ఒకసారి కొట్టేస్తాను, మళ్ళీ రాస్తాను. అందుకు మేడమ్ గారికి నేను రుణపడి ఉన్నాను. నన్ను అవమానించకుండా ఒకే ఒక్క ప్రశ్న అడిగి, దాని పక్కనే తమ తప్పు కూడా పెట్టి చూపించినందుకు ఈ సంచికాముఖంగా, అందరి ఎదుటా, గట్టిగా కృతజ్ఞతలు చెప్పుకుంటున్నాను.

ఈ వ్యాసంలో ఏ తేదీ అయినా, ఏ మాట అయినా తప్పుగా పడి ఉంటే అది కంపోజ్ చేసినవారిదీ కాదు, అచ్చువేసినవారిదీ కాదు.

మేడమ్, వచ్చే నెల నుంచి ఉదయం ఎనిమిదిన్నర బస్సు మీ కోసం ఆగదు, నది రంగు ఎలా ఉందో అని ఎవరూ మీకు ఫోన్ చేయరు. మాస్టారు గారు ఇన్నాళ్ళూ ఒంటరిగా తాగిన సాయంత్రపు టీకి ఇకనైనా మీ తోడు దొరకాలని, మీ అమ్మాయి పాపకి మీ చేతులు తీరిగ్గా అందాలని, మీ మోకాళ్ళ నొప్పి డాక్టరు గారి మాటకైనా లొంగి తగ్గాలని, చూడాలనుకుని చూడలేకపోయిన ఊళ్ళన్నీ మీరు చూడాలని, సుఖశాంతులతో, సంపూర్ణ ఆరోగ్యంతో, కంటి నిండా నిద్రతో నిండు నూరేళ్ళు మీరు వర్ధిల్లాలని సంస్థ యావత్ సిబ్బంది పక్షాన మనసారా ఆకాంక్షిస్తున్నాను. మేమంతా మీ మీద నమ్మకంతో ఇన్నేళ్ళూ చూడకుండా నీళ్ళు తాగాం. మీరు చల్లగా ఉండండి.